వెస్ట్‌కూ వెస్ట్‌కూ తేడా ఏమిటి?

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ పత్రిక చదువుల పేజీలో ఇంగ్లిషు ఉచ్చారణ బాగుపడేందుకంటూ ఒకేలా వినిపించే మాటల పట్టిక ఒకటి అచ్చయింది. రెండు నిలువు వరుసల్లో ఇరవై జంటలు ఇచ్చి, రోజూ పది నిమిషాలు గట్టిగా చదివితే నాలుక తిరుగుతుందని పైన రాశారు. దేవరకొండలో మా అరుగు మీద కూర్చొని దాన్ని చదువుతున్న పక్కింటి ఏడో తరగతి పాప తొమ్మిదో వరుస దగ్గర ఆగిపోయి, “సార్, ఈడ రెండు దిక్కులా వెస్ట్ అనే ఉన్నది, మరి తేడా ఏంది?” అని నన్ను అడిగింది. పేజీ తీసుకుని చూస్తే నిజమే, ఎడమ పక్క వెస్ట్, కుడి పక్క వెస్ట్. ఒకటి వి అక్షరంతో మొదలయ్యే బనియను, రెండోది డబుల్యూతో మొదలయ్యే పడమర. ఇంగ్లిషు అక్షరాలు తీసేసి తెలుగు లిపిలోకి మార్చడంతో, ఏ తేడా నేర్పడానికి ఆ జంటను ఎంచుకున్నారో ఆ తేడాయే అచ్చులో మాయమైంది.

ఆ పాపకు చెప్పిన జవాబునే కాస్త పెంచి మీకు రాస్తున్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు నల్లగొండ జిల్లా సర్కారు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిషు చెప్పి విరమణ పొందినవాణ్ని. జంట మాటల సాధన మీద నాకు గురి ఉంది, నా తరగతుల్లో ఏళ్ల తరబడి చేయించాను కూడా. అయితే ఏ జంటలను ఎంచుకోవాలి, వాటిని ముందు నోటికి ఇవ్వాలా చెవికి ఇవ్వాలా అన్న రెండు సంగతుల్లో మీ పట్టిక దారి తప్పిందని నా అభిప్రాయం. ఈ ఉత్తరంలో ఇంగ్లిషు మాటలన్నిటినీ కావాలనే తెలుగు లిపిలో రాస్తున్నాను. ఒక్కో మాటకు అర్థం చెప్పకుండా నేను ముందుకు పోలేకపోవడం పాఠకులకు ఎక్కడికక్కడ కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్క ధ్వని మారితే అర్థం మారిపోయే మాటల జతను భాషాశాస్త్రం చదివినవారు మినిమల్ పెయిర్ అంటారు. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మెడ వేరు, మేడ వేరు. పుట తిప్పడం వేరు, పూట గడవడం వేరు. పాత చీర అనబోయి పాట చీర అంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. కానీ ఇంగ్లిషు మాతృభాషగా పెరిగిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాత, పాట అని మార్చి మార్చి వినిపిస్తే, చాలామందికి రెండూ ఒకటే మాటలా వినిపిస్తాయి. 1984లో కెనడాలో ఇద్దరు పరిశోధకులు హిందీలోని త, ట ధ్వనులను పసిపిల్లలకు వినిపించి చూశారు. ఇంగ్లిషు మాట్లాడే ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను గుర్తుపట్టారు, ఏడాది నిండే వేళకు అటువంటి పిల్లల్లోనే ఆ శక్తి చాలామటుకు పోయింది. ఇంట్లో అక్కరకు రాని తేడాను చెవి వదిలేసుకుంటుందన్నమాట. త, ట ల విషయంలో వాళ్లకు జరిగిందే వి, డబుల్యూల విషయంలో మనకు జరిగింది. అందులో సిగ్గుపడవలసింది ఎవరికీ లేదు.

మీ పట్టికలో మొదటి జంట రైస్ – లైస్, అంటే బియ్యం, పేలు. ఇది జపాన్ వారికి పనికివచ్చే జంట. వారి భాషలో ర, ల అని రెండు వేరు ధ్వనులు లేవు గనుక వారికి అది ప్రాణసంకటం. రకారాన్ని, లకారాన్నే కాక ళకారాన్ని కూడా విడదీసి పలికే పాలమూరు పిల్లవాడికి దానితో పని ఏముంది? నాలుగో వరుసలో సన్నగా ఉండటమనే థిన్, డబ్బా అనే టిన్ ఉన్నాయి. పదిహేనో వరుసలో వాళ్లు అనే దే, రోజు అనే డే ఉన్నాయి. ఇంగ్లిషువాడు థిన్ అనేటప్పుడు నాలుక కొసను పళ్ల సందున ఉంచి గాలిని జారనిస్తాడు. మనం నాలుకను పళ్లకు గట్టిగా తాకించి థ అంటాం. ఆ పలుకు వారిది కాదు, ఒప్పుకుంటాను. కానీ మన నోట థిన్ ఎన్నడూ టిన్ కాదు, దే ఎన్నడూ డే కాదు. రెండు మాటలూ రెండుగానే నిలుస్తున్నాయి, వినేవాడికి ఏది ఏదో తెలుస్తున్నది. తేడా ఉన్నచోట సాధన చేయించి, తేడా చెరిగిపోయినచోట వెస్ట్ – వెస్ట్ అని అచ్చు వేసి వదిలేస్తే పిల్లలకు మిగిలేది గొంతు నొప్పి. ఎవరో వేరే దేశపు విద్యార్థుల కోసం తయారుచేసిన పట్టికను యథాతథంగా దించుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మరి మన నోట కలిసిపోయేవి ఏవి? అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది ఈ వి, డబుల్యూల గొడవే. మన వకారం పలికేటప్పుడు పళ్లు పెదవికి గట్టిగా తగలవు, పెదవులు పూర్తిగా గుండ్రం కావు. ఆ రెంటికీ నడిమధ్యన ఉండే మెత్తటి ధ్వని అది. కనుక ద్రాక్ష తీగ అనే వైన్, ప్రతి ఊరి మొగదలలో బోర్డు మీద కనిపించే వైన్ మనకు ఒకటే. పశువుల డాక్టరు అనే వెట్, తడి అనే వెట్ ఒకటే. పద్యం అనే వర్స్, మరింత అధ్వానం అనే వర్స్ కూడా ఒకటే, అయితే పద్యాభిమానిగా నాకు అది కొంచెం బాధగా ఉంటుంది. ఇంగ్లిషు వోట్ మన దగ్గరికి వచ్చేసరికి ముందున్న వకారం ఊడిపోయి ఓటు అయింది, దాని కోసం ఎవరూ వెతకలేదు కూడా.

ఈ రెంటినీ విడదీయడానికి అద్దం ఒకటి చాలు. ఫోన్ అని పలకబోతున్నట్టు పై పళ్లను కింది పెదవి మీద ఆనించి, అక్కడే ఉంచి, గొంతు కలిపితే వి వస్తుంది. అద్దంలో పళ్లు కనబడాలి. డబుల్యూకు పళ్లు కనబడకూడదు, పెదవులు సున్నా చుట్టాలి. పడమర అనే మాటకు ‘ఉ’ అని మొదలుపెట్టి ఎస్ట్‌లోకి జారమని నేను పిల్లలకు చెప్పేవాణ్ని. దీనిలో ఒక ప్రమాదం ఉంది, ముందే హెచ్చరిస్తున్నాను. ఈ సాధన మొదలుపెట్టిన రెండు వారాలకు మా తరగతి పిల్లవాడొకడు కొత్తగా నేర్చిన ముచ్చటలో వెరీ, విలేజ్, వాన్ అనే వి మాటలన్నిటికీ మూతి సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందు రెండింటికీ నడిమధ్య ధ్వని పలికేవాడు, ఇప్పుడు రెండింటికీ డబుల్యూ పలుకుతున్నాడు! జంటలో ఒక్క మాటను పట్టుకుని అరగదీస్తే ఇట్లాగే అవుతుంది. రెండు మాటలూ ఎప్పుడూ పక్కపక్కనే, క్రమం మార్చి మార్చి రావాలి.

నోటి సంగతి చెప్పాను గాని, నా చెవి సంగతి నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన పదో ఏట. హైదరాబాదులో ఒక శిక్షణకు పంపితే అక్కడ టేపు రికార్డరు పెట్టి, జంటలో ఏ మాట వినబడిందో కాగితం మీద ఒకటి, రెండు అని గుర్తు పెట్టమన్నారు. వెస్ట్ జంట ఇరవై సార్లు వచ్చింది. నాకు సరిపోయినవి పదకొండు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అన్నే వచ్చేవి. పదేళ్లుగా పిల్లల ఉచ్చారణ దిద్దుతున్నవాణ్ని, ఆ తేడాను అప్పటివరకు వినలేదు. వినని తేడాను నేను ఎట్లా దిద్దానో, ఏం దిద్దానో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

ఆ తరువాత కొన్నాళ్లకే ఇంకొక దెబ్బ తగిలింది. ఎనిమిదో తరగతికి డిక్టేషన్ చెబుతూ, నా చెవిలో నొప్పిగా ఉంది అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం చదివాను. పుస్తకాలు దిద్దుతుంటే ఒక అమ్మాయి నా సంవత్సరంలో నొప్పిగా ఉంది అని రాసింది. నవ్వుకుని ఎర్ర గీత గీశాను. తరువాతి పుస్తకంలోనూ అదే ఉంది. నలభై రెండు పుస్తకాల్లో ఇరవైకి పైగా సంవత్సరంలోనే నొప్పి ఉండేసరికి తప్పు ఎవరిదో అర్థమైంది. చెవి అనే ఇయర్‌ను నేను యియర్ అని చదివాను, పిల్లలు విన్నదే రాశారు. ఎర్ర గీతలు కొట్టేసి సున్నాలు చెరిపాను.

దీనికి కారణం మన నాలుక అలవాటులోనే ఉంది. మాట మొదట ఇ, ఎ వస్తే మనకు తెలియకుండానే ముందొక యకారం చేరుతుంది, ఒ వస్తే వకారం చేరుతుంది. ఎక్కడ అని రాసి యెక్కడ అంటాం, ఒకటి అని రాసి వొకటి అంటాం. తెలుగులో దానివల్ల ఏ మాటా ఇంకో మాటగా మారదు గనుక ఎవరికీ పట్టింపు లేదు. గోడల మీది రాతల్లో ఎం.ఎల్.ఏ. యం.ఎల్.ఏ. అయినా ఆయన పదవికి వచ్చిన లోటు లేదు. ఇంగ్లిషులో మాత్రం చెవి సంవత్సరం అవుతుంది, తూర్పు దిక్కు అనే ఈస్ట్ రొట్టెల పిండిని పులియబెట్టే యీస్ట్ అవుతుంది, ఎస్ అనే అక్షరం ఔను అనే యస్ అవుతుంది. నేను కనిపెట్టిన ఉపాయం ఒకటి మనవి చేస్తాను. ఇక్కడ అనే అర్థంలో హియర్ అని ముందు పలకమని, ఆ హకారాన్ని ఊపిరంత మెల్లగా తగ్గించుకుంటూ పొమ్మని పిల్లలకు చెప్పేవాణ్ని. హకారం పూర్తిగా పోయేసరికి యకారం చేరే సందు లేకుండా చెవి దానంతటదే మిగులుతుంది. ఈ జంట ఏ విదేశీ పట్టికలోనూ ముందు వరుసలో ఉండదు, మన పట్టికలో ఉండాలి.

ఇక జెడ్ అక్షరపు ధ్వని. పుట అనే పేజ్‌కూ, జీతం ఇస్తాడు అనే పేజ్‌కూ మన నోట తేడా లేదు, కూలి అనే వేజ్, దారులు అనే వేజ్ కూడా అంతే. ఇంగ్లిషులో మొదటివాటి చివర జకారం ఉంటుంది, రెండోవాటి చివర జెడ్ ఉంటుంది. దీన్ని నేర్పడానికి మా ప్రాంతంలో రెండు దారులు దగ్గరలోనే ఉన్నాయి. జొన్న రొట్టె అనేటప్పుడు ఉన్న జకారమూ, జిల్లా అనేటప్పుడు ఉన్న జకారమూ ఒకటి కావు. పాత అచ్చు పుస్తకాల్లో ఈ మొదటి రకం చ, జ ల నెత్తిన చిన్న రెండంకె వంటి గుర్తు వేసి ౘ, ౙ అని వేరుగా చూపేవారు. ౙొన్న అనేటప్పుడు నాలుక కొస పళ్ల వెనుక క్షణకాలం తాకి వదులుతుంది. ఆ తాకడం మానేసి, తాకబోయి ఆగిపోయి, తుమ్మెద రొదలా సాగదీస్తే అదే జెడ్. గొంతు మీద వేలు పెట్టుకుని స అని సాగదీస్తే వేలికి ఏమీ తెలియదు, జెడ్ అని సాగదీస్తే వేలు జిలజిలలాడుతుంది.

రెండో దారి ఉర్దూ. మా తరగతిలో చివరి బెంచీ మీద కూర్చునే ముస్లిం పిల్లవాడొకడు ఇంగ్లిషులో ఎప్పుడూ వెనుకే ఉండేవాడు. జంట మాటల రోజున మాత్రం అందరూ జూ అనే మాట దగ్గర తడబడుతుంటే వాడు అలవోకగా పలికాడు. ఇంట్లో జిందగీ, జరూర్, బాజార్ అని పుట్టినప్పటి నుంచి ఆ ధ్వనితోనే మాట్లాడుతున్నవాడికి అది ఇంగ్లిషు అనే అనిపించలేదు. ఆ వారమంతా జెడ్‌కు వాడే పంతులు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఏ తరగతిలో చూసినా ఇటువంటి పంతుళ్లు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు.

మాట చివర వచ్చే జెడ్ గురించి ఇంకొక్క మాట. మంచుగడ్డ అనే ఐస్, కళ్లు అనే ఐజ్, ధర అనే ప్రైస్, బహుమతి అనే ప్రైజ్ – ఈ జంటల్లో ఇంగ్లిషువాడి చెవి చివరి హల్లును మాత్రమే వినదు, దాని ముందున్న అచ్చు ఎంతసేపు నిలిచిందో కూడా కొలుస్తుంది. జెడ్ ముందు అచ్చు సాగుతుంది, ఎస్ ముందు కుదించుకుంటుంది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అని తెలుగు తరగతిలో ఛందస్సు లెక్కపెట్టిన పిల్లలకు ఇది అర్థం కావడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఇంగ్లిషు మాస్టారు తెలుగు మాస్టారితో ఒక్కసారి మాట్లాడుకుంటే చాలు.

పకార ఫకారాల జంటలు పల్లె పిల్లలకు తప్పనిసరి, పట్నం పిల్లలకు అంతగా అక్కరలేదు. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పోను, పీజు, కాపీ అనే అంటారు. జిరాక్సు దుకాణంలో రెండు కాపీలు, హోటల్లో రెండు కాపీలు. మా వైపు చాయ్‌దే రాజ్యం గనుక ఇబ్బంది తక్కువ. సకార షకారాలు కలిసిపోయే జంట, దాచిపెట్టడం అనే సేవ్, గడ్డం గీయడం అనే షేవ్ కూడా పల్లె పిల్లలకు అవసరమే.

మంచం అనే బెడ్, చెడ్డ అనే బ్యాడ్ దగ్గర కొంచెం ఆగాలి. రెండో మాటలోని అచ్చుకు తెలుగులో అక్షరం లేదు, అందుకని యవత్తు పెట్టి బ్యాంకు, ర్యాలీ, ఫ్యాక్టరీ అని రాసుకుంటున్నాం. మీ పత్రిక కూడా అట్లాగే వేస్తుంది, వేరే దారి లేదు. కానీ పిల్లలు ఆ యవత్తును నిజంగానే పలికి బి–యాడ్ అంటున్నారు. అక్షరం లేకపోయినా ఆ ధ్వనికి దగ్గరి చుట్టం మన నోట్లో ఉంది. మేక, మేకు అని ఒకదాని వెంట ఒకటి పలికి చూడండి. రాతలో రెండిటికీ అదే ఏత్వం. పలుకులో మేక దగ్గర దవడ కాస్త కిందికి దిగుతుంది, మేకు దగ్గర దిగదు. మేకలోని ఆ ఏత్వాన్ని పట్టుకుని, దవడను ఇంకొంచెం దించి, పొట్టిగా పలికితే మనిషి అనే మ్యాన్ వస్తుంది. ఇంగ్లిషుకు అక్షరాలు 26 అయినా, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో లెక్కకు వచ్చే ధ్వనులు 44, అందులో 20 అచ్చులు. వాళ్ల లిపే వాళ్ల అచ్చులకు చాలదు. మన లిపి చాలాలని అనుకోవడం అత్యాశ.

ధ్వనుల జంటలే కాక ఊనిక జంటలు కూడా ఉన్నాయి. ఊనిక అంటే మాటలో ఒక భాగాన్ని నొక్కి పలకడం. మీ పట్టికలో అవి ఒక్కటి కూడా లేవు. పదమూడు అనే థర్టీన్, ముప్పై అనే థర్టీ, అట్లాగే పద్నాలుగు–నలభై, పదిహేను–యాభై. మాట చివరి నకారం ఫోనులో సగం సార్లు వినబడదు. అప్పుడు ఇంగ్లిషు వినేవాడు ఊనిక ఎక్కడ పడిందో చూసుకుంటాడు. పదమూడులో రెండో భాగం మీద బరువు పడాలి, ముప్పైలో మొదటి భాగం మీద పడాలి. తెలుగులో మాటలను ఊనికతో విడదీసే పద్ధతి లేదు గనుక మనం రెండు భాగాలనూ సమానంగా తూస్తాం. నా పాత విద్యార్థి ఒకడు జడ్చర్ల వైపు ఒక పరిశ్రమలో ఉద్యోగానికి ఫోనులో ఇంటర్వ్యూ ఇస్తూ తన అనుభవం పదమూడు నెలలు అని చెప్పాడు. అవతలివారు ముప్పై అని రాసుకున్నారు. కాగితాలు చూపించే రోజున పదమూడే కనబడేసరికి, ఫోనులో అబద్ధం చెప్పావని ముఖం మీదే అన్నారట. వాడు నా దగ్గరికి వచ్చి ఈ సంగతి చెప్పుకుని, “అబద్ధం చెప్పలే సార్, నేను సరిగ్గనే చెప్పిన” అన్నాడు. వాడు సరిగ్గానే చెప్పాడు, ఊనిక నేర్పని మాస్టారిని నేనే.

ముందు చెవి, తరువాత నోరు అని నేను పట్టుబట్టడం నా శిక్షణనాటి అవమానం వల్ల మాత్రమే కాదు. 1991లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు జపాన్ విద్యార్థులకు ఇంగ్లిషు ర, ల జంటలను రోజూ వినిపించి, ఏ మాట విన్నారో చెప్పించి, తప్పయితే వెంటనే తెలియజేశారు. ఒక్కరి గొంతుతో కాకుండా అనేకుల గొంతులతో వినిపించడం అందులో కీలకం. పెద్దవాళ్ల చెవి కూడా మెరుగుపడుతుందని అందులో తేలింది. అదే వరుసలో 1997లో వచ్చిన మరో అధ్యయనంలో, కేవలం వినే సాధన చేసినవారి పలుకు కూడా, పలకడం ప్రత్యేకంగా నేర్పకపోయినా, బాగుపడినట్టు కనబడింది. మీ పట్టిక మీద ఉన్న ‘గట్టిగా చదవండి’ అన్న సలహా దీనికి తలకిందులుగా ఉంది. తేడా వినబడనివాడు పది నిమిషాలు గట్టిగా చదివితే తన తప్పునే పది నిమిషాలు బలపరచుకుంటాడు.

మా బడిలో దీన్ని ఆటగా ఆడించేవాణ్ని. ప్రార్థన అయ్యాక పిల్లలను మైదానం మధ్యలో నిలబెట్టి, వేపచెట్టు వైపు ఒక మాట, బోరింగు వైపు ఒక మాట అని చెప్పేవాణ్ని. హాజరు పట్టీ అడ్డం పెట్టుకుని నా పెదవులు కనబడకుండా మాట పలికేవాణ్ని. ఏ మాట విన్నారో ఆ వైపు ఒక అడుగు వేయాలి. మొదటి రోజు సగం మంది పక్కవాడి కాళ్లు చూసి అడుగు వేశారు, అందుకని రెండో రోజు నుంచి కళ్లు మూసుకోమన్నాను. వారం తిరిగేసరికి పిల్లలే ఒకరి తరువాత ఒకరు పట్టీ అడ్డం పెట్టుకుని పలకడం మొదలుపెట్టారు. ఎవరు పలికితే పిల్లలు రెండు వైపులకూ చెల్లాచెదురుగా పోతారో వాడి నోరు ఇంకా తేలలేదని వాడికే తెలిసిపోయేది, నేను దిద్దవలసిన పని ఉండేది కాదు. ఇందుకు పట్టే సమయం ఏడు నిమిషాలు, ఖర్చు సున్నా.

ఒక అభ్యంతరం నేనే లేవనెత్తి జవాబు చెప్పుకోవాలి. మన తెలంగాణ మాటను, అందులోనూ పాలమూరు, నల్లగొండ మాటను యాస అని ఎన్నేళ్లు ఎగతాళి చేశారో మనందరికీ జ్ఞాపకమే. ఇంగ్లిషు ఉచ్చారణ పేరుతో అదే ఎగతాళిని మళ్లీ బడిలోకి తేవడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. మన రకారం గట్టిగా మోగుతుంది, మోగనివ్వండి. మన టకారంలో నాలుక ఎక్కువ మడుగుతుంది, మడగనివ్వండి. వాటివల్ల ఏ మాటా ఇంకో మాట కావడం లేదు. లండను వాడిలా పలకాలన్న కోరిక ఎవరికైనా ఉంటే అది వారి సొంత సరదా. బడి పని వేరు. అవతలివాడికి పదమూడు పదమూడుగా, చెవి చెవిగా వినబడేటట్టు చేయడం వరకే బడి బాధ్యత. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పే కొలబద్దగా కూడా జంట మాటలే పనికివస్తాయి. రెండు మాటలు ఒకటైపోతే దిద్దాలి, కాకపోతే వదిలేయాలి.

ఈ సంగతికి ఇప్పుడు తొందర ఉంది. 2022–23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంతకుముందు చాలా బడుల్లో ఇంగ్లిషు మాస్టారి నోట మాత్రమే వినబడిన భాష ఇప్పుడు లెక్కల టీచరు నోట, సైన్సు టీచరు నోట కూడా వినబడుతున్నది. వారు తమ జీవితమంతా తెలుగులో పాఠం చెప్పినవారు, ఎవరూ వారి చెవికి శిక్షణ ఇవ్వలేదు. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లిషే చెప్పి చెవిని సంవత్సరం చేసినవాణ్ని గనుక వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు వేస్తున్నారు, ఇంటింటా ఫోన్లు ఉన్నాయి. తెలుగు పిల్లల కోసమే ఎంచిన ముప్పై జంటలను నలుగురైదుగురి గొంతులతో రికార్డు చేయించి ఆ కోడ్ల వెనుక పెట్టడం రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థకు పెద్ద పని కాదు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ, అంటే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, హైదరాబాదులోనే ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. జంటలు ఎంచడానికి, గొంతులు ఇవ్వడానికి మనుషుల కొరత లేదు.

మీ పత్రికకు నా విన్నపం ఇంతకన్నా చిన్నది. చదువుల పేజీలో వారానికి నాలుగు జంటలకు మించి వేయవద్దు. ఇంగ్లిషు మాటను ఇంగ్లిషు అక్షరాల్లోనే వేయించి, కింద తెలుగులో అర్థం, నోరు ఎట్లా పెట్టాలో ఒక్క వాక్యం ఇవ్వండి. గట్టిగా చదవండి అనే మాట తీసేసి, ఇద్దరు కూర్చొని ఒకరు పలకండి, ఒకరు ఏ మాటో చెప్పండి అని రాయండి. అన్నిటికన్నా ముందు, పోయిన వారపు తొమ్మిదో వరుసకు సవరణ వేయగలరు. పక్కింటి పాప ఆ పేజీని కత్తిరించి నోట్‌బుక్కులో అంటించుకుంది, సవరణ వస్తే దాని పక్కనే అంటించడానికి చోటు కూడా ఉంచుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.